ఆన్_సేవ్ అంటే సేవ్ అయ్యే ముందా, అయ్యాకా?

రాత్రి పదకొండింటికి ఒక మెయిల్ వచ్చింది. "ఫైల్ సేవ్ అయిందని మీ టూల్ మా టీమ్‌లో అందరికీ మెసేజ్ పంపిందండీ, తీరా తెరిచి చూస్తే పాత వెర్షనే ఉంది. మేం రాసిందంతా ఏమైనట్టు?"

నేను సరదాగా మొదలుపెట్టి, నలుగురూ వాడటం మొదలయ్యాక ఆ సరదా కాస్తా టెన్షన్‌గా మారిన చిన్న నోట్స్ టూల్ ఒకటి ఉంది. దానికి ఎవరికి వాళ్ళు ప్లగిన్‌లు (అదనపు పనులు చేయించే చిన్న ప్రోగ్రామ్‌లు) రాసుకోవచ్చు. ఒక ఫైల్లో ఫలానా పేరుతో ఫంక్షన్ పెడితే చాలు, టూల్ దాన్ని వెతికి సమయానికి పిలుస్తుంది. మెయిల్ పంపినతను ‘ఆన్_సేవ్’ అనే ఫంక్షన్‌లో టీమ్‌కి మెసేజ్ పంపే కోడ్ రాశాడు. అతని ఉద్దేశంలో సేవ్ అయింది కాబట్టి ఆ ఫంక్షన్ నడుస్తోంది. నా ఉద్దేశం వేరు. ఎందుకంటే నేను రాసిన మొట్టమొదటి ప్లగిన్ లైన్ల చివర మిగిలిపోయిన ఖాళీలను తీసేసేది, అది ఫైల్ డిస్క్ మీదికి వెళ్ళకముందే నడవాలి. అందుకని ‘ఆన్_సేవ్’ని ముందు పిలిచి, తర్వాత ఫైల్ రాస్తున్నాను. ఆ రోజు డిస్క్ నిండిపోయింది. మెసేజ్ వెళ్ళింది, ఫైల్ రాయడం ఫెయిలైంది.

అతని కోడ్ నాలుగుసార్లు చదివాను, తప్పు లేదు. నా కోడ్ చదివాను, అందులోనూ లేదు. తప్పంతా మా ఇద్దరి మధ్య ఉన్న ఆ ఒక్క పేరులో ఉంది, ఆ పేరు పెట్టింది నేను.

పేర్లు జాగ్రత్తగా పెట్టాలని కోడ్ రాసేవాళ్ళందరికీ తెలుసు, ఎవరిని అడిగినా చెబుతారు. కానీ మామూలు కోడ్‌లో పేరు కాస్త అటూఇటూ ఉన్నా గడిచిపోతుంది. అనుమానం వస్తే ఎడిటర్‌లో ఆ పేరు మీద నొక్కితే అసలు ఫంక్షన్ తెరుచుకుంటుంది, లోపల ఏముందో చదువుకుంటాం, ఓహో ఇదా అనుకుని ముందుకు పోతాం. ప్లగిన్ విషయంలో ఆ వీలు లేదు. అక్కడ నేను పేరు పెడుతున్నది ఇంకా పుట్టని ఫంక్షన్‌కి. దాని లోపలి కోడ్ ఇంకెవరో రాస్తారు. దాన్ని పిలిచే లైను నా దగ్గర, ఎక్కడో లోపల ఉంటుంది, దాన్ని వాళ్ళు చూడరు. డాక్యుమెంటేషన్ ఉంటుంది కదా అంటారా, ఉంటుంది. మెయిల్ పంపినతను కూడా చదివాడట, అయితే పేజీలో పేర్ల పట్టిక వరకే. నేనైనా వేరేవాళ్ళ టూల్‌కి ప్లగిన్ రాసేటప్పుడు చేసేది అదే, కాబట్టి అతన్ని ఏమనడానికీ నాకు నోరు రాలేదు.

ఇంతకీ ‘ఆన్’ అని ఎందుకు పెట్టానా అని ఆలోచిస్తే, బ్రౌజర్‌లో ‘ఆన్‌క్లిక్’ రాసీ రాసీ చేతికి వచ్చిన అలవాటు. కానీ క్లిక్ వేరు, సేవ్ వేరు. క్లిక్ అనేది మన ఫంక్షన్ దాకా వచ్చేసరికే అయిపోయిన సంగతి, దానికి ముందూ వెనకా అంటూ మనం పట్టించుకోవలసింది పెద్దగా ఏమీ ఉండదు, అది సగంలో ఫెయిల్ కూడా కాదు. సేవ్‌కి మొదలుంది, చివర ఉంది, మధ్యలో చెడే అవకాశముంది. అలా కొంతసేపు సాగే పనికి ‘ఆన్’ అని పెడితే ఎదుటివాడు తనకు నచ్చిన అర్థం తీసుకుంటాడు. బ్రౌజర్లలోనే చూడండి, టైప్ చేసినప్పుడు వచ్చే ఈవెంట్లకు ‘బిఫోర్‌ఇన్‌పుట్’ అని ఒకటి, ‘ఇన్‌పుట్’ అని ఒకటి వేరువేరుగా ఉన్నాయి.

దీనికి నేను పెట్టుకున్న పరీక్ష చాలా చిన్నది. హుక్ (ఇలా పేరుతో వెతికి టూల్ పిలిచే ఫంక్షన్) పేరును తెలుగులో చెప్పి చూస్తాను. "సేవ్ చేసే ముందు", "సేవ్ చేస్తుండగా", "సేవ్ చేశాక", ఈ మూడింట్లో ఏదో ఒకటి పేరు వినగానే నోటికి రావాలి. ‘ఆన్_సేవ్’ని తెలుగులో చెప్పబోతే "సేవ్ అప్పుడు" అని వస్తుంది, ఆ మాట మనలో ఎవరైనా అంటే "అప్పుడంటే ఎప్పుడు?" అని వెంటనే అడుగుతాం. క్రియకి కాలం తగిలించకుండా మనకు వాక్యమే పూర్తి కాదు కదా, హుక్ పేరు విషయంలో మాత్రం ఎందుకు ఊరుకోవాలి?

ఈ చిక్కు పాతదే, పాతవాళ్ళు దీన్ని చక్కగానే విడదీశారు. విమ్ ఎడిటర్‌లో ఫైల్ రాసే ముందు వచ్చేది ‘బఫ్‌రైట్‌ప్రీ’, రాశాక వచ్చేది ‘బఫ్‌రైట్‌పోస్ట్’. ఆపిల్ యాప్‌లు రాయడానికి వాడే కోకోలో అయితే నాకు మరీ ఇష్టమైన పద్ధతి ఒకటుంది. డెలిగేట్ మెథడ్ (సిస్టమ్ పిలవడానికి మనం రాసిపెట్టే ఫంక్షన్) పేర్లలో ‘షుడ్’, ‘విల్’, ‘డిడ్’ అనే మాటలు పెడతారు. ‘షుడ్’ ఉంటే మనల్ని అడుగుతున్నట్టు: విండో మూసెయ్యమంటావా? అవుననో కాదనో చెప్పాలి. ‘విల్’ ఉంటే చెబుతున్నట్టు: మూస్తున్నాను, నువ్వేమైనా సర్దుకోవాలంటే ఇప్పుడే సర్దుకో. ‘డిడ్’ అంటే అయిపోయింది, ఇప్పుడు నువ్వు వద్దన్నా ఆగేది కాదు. మూడు చిన్న మాటల్లో ఎప్పుడు పిలుస్తారు, జవాబు ఇవ్వాలా అక్కర్లేదా, ఆపే అధికారం ఉందా లేదా అన్నవన్నీ వచ్చేశాయి. నా ‘ఆన్’ ఇందులో ఒక్కటీ చెప్పదు.

సరే, ‘ఆన్_సేవ్’ని ‘బిఫోర్_సేవ్’, ‘ఆఫ్టర్_సేవ్’ అని రెండు చేసేద్దామనుకున్నాను. అంతలో రైల్స్ (వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) వాడిన రోజుల్లో తిన్న దెబ్బ గుర్తొచ్చింది. అందులో ‘ఆఫ్టర్_సేవ్’ అనే కాల్‌బ్యాక్ ఉంది. పేరు చూసి అంతా అయిపోయాక వస్తుందనుకుంటాం, కానీ అది డేటాబేస్ ట్రాన్సాక్షన్ (అయితే అన్నీ అవ్వాలి, లేకపోతే ఏదీ అవ్వకూడదని కట్టిన మార్పుల మూట) లోపలే నడుస్తుంది. ఆ తర్వాత ఏదైనా చెడి ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయితే, పంపిన మెయిల్ వెనక్కి రాదు, సేవ్ అయినది మాత్రం వెనక్కి పోతుంది. అందుకే ట్రాన్సాక్షన్ ఖాయమయ్యాక నడిచే ‘ఆఫ్టర్_కమిట్’ అని ఇంకోటి ఉంది. అంటే "చేశాక" అన్నంత మాత్రాన సరిపోదు, ఏది చేశాక అన్నది కూడా పేరులో ఉండాలి. నా టూల్‌లో డేటాబేస్ లేదు గానీ ముందు తాత్కాలిక ఫైల్‌లోకి రాసి, తర్వాత దాన్ని అసలు పేరుకు మారుస్తాను. కాబట్టి ‘ఆఫ్టర్_రైట్’ అంటే, ఏ ఫైల్ రాశాక అని మళ్ళీ మొదటికొస్తుంది. చివరికి ‘బిఫోర్_ఫైల్_రైట్’, ‘ఆఫ్టర్_ఫైల్_సేవ్డ్’ అని తేల్చాను. రెండోది ఇంగ్లీషు పరంగా కాస్త ఎబ్బెట్టుగా ఉందని నాకూ తెలుసు. కానీ ‘సేవ్డ్’ అని ఉండటంతో ఇంతవరకు ఎవరూ దాన్ని అపార్థం చేసుకోలేదు, ఆ ఎబ్బెట్టుతో నాకు పేచీ లేదు.

ఈ గొడవతో మిగతా పేర్లన్నీ కూడా తిరగేశాను. అనుకున్నదానికన్నా ఘోరంగా ఉన్నాయి.

‘వేలిడేట్’ అని ఒకటి పెట్టాను. నోట్ సరిగ్గా ఉందో లేదో ప్లగిన్ చూసి చెప్పాలి. నేను ఆశించింది తప్పుల జాబితా, తప్పుల్లేకపోతే ఖాళీ జాబితా. ఒకావిడ తన ప్లగిన్‌లో అంతా బాగుంటే ‘ట్రూ’ (అవును అని) ఇచ్చారు, అది సహజమే. నా కోడ్ "ఏదో వచ్చింది, అంటే తప్పులున్నట్టే" అనుకుని ప్రతి నోట్‌నీ తిప్పికొట్టింది. బాగున్న నోట్లను ఆపేసి, బాగోలేని వాటికి ఆవిడ ‘ఫాల్స్’ ఇస్తే వాటిని హాయిగా వదిలేసింది. ఇప్పుడు దాని పేరు ‘ఫైండ్_ఎర్రర్స్’. తప్పులు వెతికి పట్టుకురమ్మని పేరే చెబుతుంటే ‘ట్రూ’ ఇవ్వాలని ఎవరికీ తోచదు. అవునూ కాదూ అని జవాబు కావలసినచోట ‘ఈజ్’ తోనో ‘క్యాన్’ తోనో మొదలుపెట్టడం ఎలాగూ ఉన్న పద్ధతే.

కానీ ‘ఈజ్’ అని పెట్టేశాం కదా అని చేతులు దులుపుకుంటే కుదరదు. వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్‌లో ‘ఈజ్_అడ్మిన్’ అనే ఫంక్షన్ ఉంది. పేరు చూస్తే వచ్చిన మనిషి అడ్మినా కాదా అని చెబుతుందని ఎవరైనా అనుకుంటారు. అది చెప్పేది మనిషి గురించి కాదు, పేజీ గురించి. ఇప్పుడు నడుస్తున్న రిక్వెస్ట్ అడ్మిన్ వైపు పేజీదా కాదా అని మాత్రమే. పైగా అజాక్స్ రిక్వెస్టులు (పేజీ మళ్ళీ లోడ్ కాకుండా వెనక నుంచి వెళ్ళేవి) మామూలుగా వెళ్ళే ఫైల్ అడ్మిన్ ఫోల్డర్‌లోనే ఉంటుంది కాబట్టి, లాగిన్ కూడా కాని మనిషి అక్కడికి రిక్వెస్ట్ పంపినా జవాబు ‘ట్రూ’నే. దీన్ని నమ్మి తాళం వేశామనుకున్న ప్లగిన్‌లు బార్లా తెరిచే ఉన్నాయన్నమాట. అనుమతి చూడాలంటే వాడవలసింది ‘కరెంట్_యూజర్_క్యాన్’. దాన్ని చదవండి, "ఈ యూజర్ ఇది చెయ్యగలడా", అందులో కర్త ఉన్నాడు. ‘ఈజ్_అడ్మిన్’లో కర్త లేడు, ఎవరు అడ్మిన్? లేనిచోట చదివేవాడు తనే ఒకడిని కల్పించుకుంటాడు.

కర్త సంగతి వచ్చింది కాబట్టి నాకు అన్నిటికన్నా సిగ్గుగా అనిపించిన పేరు చెబుతాను. ‘లోడ్_సెట్టింగ్స్’. ప్లగిన్ తన సెట్టింగ్స్ కావాలనుకున్నప్పుడు టూల్‌లో ఉన్న ఈ ఫంక్షన్‌ని పిలవాలి, నేను అనుకున్నది అది. ఒకతను దీన్ని కూడా హుక్ అనుకుని తన ప్లగిన్‌లో అదే పేరుతో ఫంక్షన్ రాసి, టూల్ వచ్చి పిలుస్తుందని రెండు సాయంత్రాలు ఎదురుచూశాడు. ఎవరు ఎవరిని పిలవాలో పేరులో లేదు మరి. తెలుగులో చేయడానికీ చేయించడానికీ మధ్య ఒక్క ‘ఇంచు’ తేడా, రాశాడంటే ఒకటి, రాయించాడంటే ఇంకొకటి, ఎవరికీ పొరపాటు రాదు. ఇంగ్లీషు పేర్లలో ఆ సదుపాయం లేదు కాబట్టి వేరే గుర్తు ఏదైనా పెట్టుకోవాలి.

నెట్‌స్కేప్ కాలం నాటి బ్రౌజర్ ప్లగిన్ ఇంటర్‌ఫేస్ ఎన్‌పీఏపీఐ గుర్తుందా? ఫ్లాష్ వగైరా నడిచింది దాని మీదే. 2015లో క్రోమ్ దాన్ని పూర్తిగా తీసేసింది. పోయినవాటిని మెచ్చుకోవడం మన అలవాటని కాదు గానీ, దాని పేర్లలో ఒక మంచి సంగతి ఉంది. ప్లగిన్ రాసేవాళ్ళు రాయాల్సిన ఫంక్షన్లు దాదాపు అన్నీ ‘ఎన్‌పీపీ_’తో మొదలవుతాయి, బ్రౌజర్ ఇచ్చే ఫంక్షన్లన్నీ ‘ఎన్‌పీఎన్_’తో మొదలవుతాయి. ఒక్క అక్షరం తేడా. ‘ఎన్‌పీపీ_’ కనిపిస్తే నువ్వు రాయి, వాళ్ళు పిలుస్తారు. ‘ఎన్‌పీఎన్_’ కనిపిస్తే వాళ్ళు రాశారు, నువ్వు పిలువు. చూడ్డానికి అందంగా ఉండవు, కానీ ఎటు నుంచి ఎటు అన్న ప్రశ్నే రాదు. నేను అక్షరాలతో కాకుండా, ప్లగిన్ పిలవాల్సినవన్నీ ‘హోస్ట్’ అనే ఒక ఆబ్జెక్ట్‌లోకి చేర్చాను, ప్లగిన్ రాయాల్సినవాటికి మాత్రం టూల్ పేరు ముందు తగిలించాను.

అలా ముందు ఒక మాట తగిలించడం వల్ల ఇంకో లాభం ఉందని, పైథాన్ కోడ్‌ని పరీక్షించే పైటెస్ట్ చూశాకే తెలిసింది. దాని హుక్‌లన్నీ ‘పైటెస్ట్_’తో మొదలవుతాయి. ప్లగిన్‌లో అలా మొదలయ్యే ఫంక్షన్ ఉండి, ఆ పేరుతో హుక్ ఏదీ లేకపోతే అది ఊరుకోదు, తెలియని హుక్ అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఎంత మేలో చూడండి. పేరుతో వెతికి పిలిచే పద్ధతిలో అన్నిటికన్నా విసిగించేది, ఒక్క అక్షరం తప్పు కొడితే ఎర్రర్ రాదు, ఏమీ జరగదు, అంతే. ఫంక్షన్ ఉంది, ఎవరూ పిలవరు, నువ్వు లోపల ప్రింట్లు పెట్టుకుంటూ జుట్టు పీక్కుంటావు. ముందు తగిలించిన మాట ఉంటే "ఇది హుక్‌గానే రాశాడు, పేరు తప్పు కొట్టాడు" అని టూల్ పసిగట్టగలదు. నేనూ అదే పెట్టాను, అదనంగా "మీరు అనుకున్నది ఇదా?" అని దగ్గరి పేరు కూడా చూపిస్తాను. ఆ పది లైన్ల కోడ్ నాకు తప్పించినన్ని మెయిళ్ళు డాక్యుమెంటేషన్ ఏనాడూ తప్పించలేదు.

ఇక పేర్లు ఢీకొట్టుకునే గొడవ అందరికీ తెలిసిందే, పీహెచ్‌పీలో రెండు ప్లగిన్‌లు ఒకే పేరుతో ఫంక్షన్ రాస్తే సైట్ మొత్తం ఫేటల్ ఎర్రర్‌తో ఆగుతుంది, సీ భాషలో నేమ్‌స్పేస్ (పేర్లను వేరువేరు గుంపులుగా ఉంచే ఏర్పాటు) అన్నదే లేదు. అందుకూ ముందు తగిలించే మాటే మందు. దాని గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

సీ అనగానే గుర్తొచ్చింది. తీసుకున్న వస్తువు ఎవరిది అన్న ప్రశ్న అక్కడ ప్రాణం తీస్తుంది. పైథాన్ సీ ఏపీఐలో (సీ కోడ్ నుంచి పైథాన్‌ని వాడుకునే ఫంక్షన్లలో) ‘పైలిస్ట్_గెట్‌ఐటెమ్’ ఇచ్చేది అరువు రిఫరెన్స్ (వస్తువుని పట్టుకునే పిడి లాంటిది), దాన్ని మనం వదిలించకూడదు. ‘పైఆబ్జెక్ట్_గెట్‌ఐటెమ్’ ఇచ్చేది కొత్త రిఫరెన్స్, పని అయ్యాక వదిలించి తీరాలి. రెండింట్లోనూ ‘గెట్‌ఐటెమ్’ అనే ఉంది! ఒకచోట మర్చిపోతే మెమరీ కారుతుంది, ఇంకోచోట ఎక్కువ చేస్తే ప్రోగ్రామ్ కూలుతుంది. 2024లో వచ్చిన పైథాన్ 3.13లో చివర ‘రెఫ్’ అని తగిలించిన, కొత్త రిఫరెన్సే ఇచ్చే ఫంక్షన్లు చేర్చారు. ఆపిల్ కోర్ ఫౌండేషన్‌లో దీన్ని మొదటి నుంచీ నియమంగా పెట్టుకున్నారు: పేరులో ‘క్రియేట్’ గానీ ‘కాపీ’ గానీ ఉంటే అది నీది, వదిలించే బాధ్యత నీదే, ‘గెట్’ ఉంటే నీది కాదు. నా టూల్‌లో ఇంత ప్రమాదం లేదు గానీ, ‘గెట్_నోట్’ ఇచ్చే నోట్‌ని మారిస్తే అసలు నోట్ మారుతుందా లేదా అన్న అనుమానం ఉండేది. ఇప్పుడది ‘కాపీ_నోట్’.

పేర్లు మరీ పొడుగైపోతున్నాయని ఒక స్నేహితుడు గునిశాడు. ప్లగిన్ రాసేవాడు ఆ పేరును జీవితంలో ఒక్కసారి టైప్ చేస్తాడు, అదీ చాలాసార్లు కాపీ చేసుకుంటాడు, పొడుగైతే ఏం పోయింది? జీసీసీ కంపైలర్‌కీ ఈమాక్స్ ఎడిటర్‌కీ ప్లగిన్ రాస్తే అందులో ‘ప్లగిన్_ఈజ్_జీపీఎల్_కంపాటిబుల్’ అనే పేరు ఉండి తీరాలి. ఉందంటే చాలు, అందులో విలువ ఏమిటని ఎవరూ చూడరు, లేకపోతే ప్లగిన్ లోడ్ కాదు. జీపీఎల్ అనే సాఫ్ట్‌వేర్ లైసెన్సుకు ఈ ప్లగిన్ సరిపడుతుందని చెప్పే ప్రమాణపత్రం ఆ పేరే.

అన్నిటికన్నా కష్టం మార్చడం. సొంత కోడ్‌లో పేరు మార్చడం ఎడిటర్‌లో రెండు క్లిక్కుల పని. బయటికిచ్చిన పేరు ఇచ్చినట్టే, అది ఎవరి డిస్కుల్లో ఎన్ని చోట్ల ఉందో మనకు తెలీదు. యూనిక్స్‌లో ‘క్రియేట్’ సిస్టమ్ కాల్‌కి చివరి ‘ఈ’ లేకపోవడం, హెచ్‌టీటీపీలో ‘రెఫరర్’ హెడర్‌లో ఒక ‘ఆర్’ ఎగిరిపోవడం, ఇవాళ్టికీ అలాగే ఉన్నాయి. వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ లైబ్రరీ వాళ్ళు 2018లో ‘కాంపొనెంట్‌విల్‌మౌంట్’ లాంటి మూడు పాత పేర్లకు ముందు ‘అన్‌సేఫ్_’ అని తగిలించి, చూడగానే చెయ్యి వెనక్కి తీసుకునేలా చేశారు. అక్కడా ఒక తిరకాసు ఉంది, అన్‌సేఫ్ అంటే సెక్యూరిటీ లోపమేమో అని కంగారుపడేవాళ్ళుంటారు, అది సెక్యూరిటీ సంగతి కాదని ప్రకటనలోనే చెప్పాల్సి వచ్చింది.

నేను ‘ఆన్_సేవ్’ని రెండు వెర్షన్ల పాటు అలాగే ఉంచాను, మునుపటిలాగే రాసే ముందు పిలుస్తూ. దాని అర్థాన్ని గుట్టుగా "అయ్యాక"కి మార్చేద్దామా అన్న బుద్ధి పుట్టిన మాట నిజం, కానీ అలా చేస్తే ఖాళీలు తీసేసే ప్లగిన్‌లు చప్పుడు లేకుండా చచ్చిపోతాయి. పాత పేరుకు కొత్త అర్థం ఇవ్వడం కంటే దాన్ని తీసెయ్యడం నయం. హెచ్చరికలో "ఇది పాతబడింది" అని ఊరుకోకుండా, "నోట్‌ని మార్చాలంటే ‘బిఫోర్_ఫైల్_రైట్’, ఎవరికైనా చెప్పాలంటే ‘ఆఫ్టర్_ఫైల్_సేవ్డ్’" అని ఫైల్ పేరుతో, లైన్ నంబర్‌తో సహా వచ్చేలా రాశాను. ఒకాయన ప్లగిన్‌లో రెండు పనులూ ఒకే ఫంక్షన్‌లో కలిసి ఉన్నాయి, దాన్ని విడదియ్యడానికి ఇద్దరం కూర్చోవలసి వచ్చింది. మిగతావాళ్ళు హెచ్చరిక చూసి వాళ్ళంతట వాళ్ళే మార్చేసుకున్నారు.

మొన్న కొత్త జాబితా విడుదల చేసే ముందు, మెయిల్ పంపినతనికే పేర్లు మాత్రం పంపి, "డాక్యుమెంటేషన్ తెరవకుండా ఒక్కొక్కటి ఏం చేస్తుందో తెలుగులో రాసి పంపండి" అని అడిగాను. తొమ్మిది పేర్లు. ఎనిమిది సరిగ్గా చెప్పాడు. తొమ్మిదోది ‘హోస్ట్.రీసెట్’. దాని ఎదురుగా "నోట్లన్నీ చెరిపేస్తుంది కదండీ?" అని రాశాడు. అది చేసేది సెర్చ్ ఇండెక్స్‌ని మళ్ళీ కట్టడం. అదే రాత్రి దాని పేరు ‘రీబిల్డ్_సెర్చ్_ఇండెక్స్’ అయింది.